ఎర్ర ఇసుకలో ఆఖరి పంచె

ప్రపంచంలోని ఎడారులన్నీ ఒకచోట చేరి సంఘం పెట్టుకుంటే, మా తాత దండపాణి పేరు వినగానే లేచి నిలబడతాయి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, అరిగిపోయిన రెండు మోకాళ్ళతో, సముద్రం పక్కనున్న ఎడారిని సైకిలు మీద జయించిన నేతగాడు ఇంకెవరున్నారు? ఈ మాట తాత చెప్పుకున్నది కాదు. ఆయన తరఫున నేను చెబుతున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనవరాలిని, కాస్త పెంచి చెప్పడానికి నాకు భయం లేదు.

తిరుత్తణిలో మా ఇంటి మగ్గం నిరుడు ఆగిపోయింది. దాన్ని విప్పి అమ్మేసేముందు తాత ఆఖరి పంచె నేసి, ఎక్కడో దక్షిణాన సముద్రం ఒడ్డునున్న తిరుచెందూరు మురుగనికని మొక్కుకున్నాడు. ఇక్కడి కొండ మీదే మురుగన్ ఉండగా అంత దూరం ఎందుకని అవ్వ వళ్ళియమ్మ అడిగింది.

"పక్కింటాయనకు ఇస్తే మొక్కెట్లయితుంది?" అన్నాడు తాత.

మొక్కు తీరేదాకా పంచె నేలకు తగలకూడదు. నీచు తిన్న చెయ్యి దాన్ని తాకకూడదు. తప్పితే ఇంకొకటి నేయడానికి మగ్గం లేదు.

పదహారు రోజులు సైకిలు తొక్కాడు. ఆఖరి రోజు నేను బస్సులో వెళ్ళి కలిశాను. తారురోడ్డు చుట్టు తిరుగుతుందని తాత నాలుగు మైళ్ళ ఎర్ర ఇసుక ఎడారి దారి పట్టాడు. ముందు టైర్లకు రాయిలాగా గాలి కొట్టాడు.

తాటిచెట్టు దిగుతున్న పొన్నుస్వామి అనే ఆయన అరవంలో హెచ్చరించాడు. "పెద్దాయనా, సగం గాలి తీసేయండి. లేకపోతే దిగబడుతుంది."

తాత నా వైపు తిరిగాడు. "పడుగు నూలు వదులైతే బట్ట యాడ కుదురుతుంది మే?"

నేతగాడు కదా, లోకంలో ఏదైనా బిగిస్తేనే బాగుపడుతుందని ఆయన నమ్మకం.

మూడు మైళ్ళు తాతే సైకిలును మోసినంత పని చేశాడు. చివరికి చక్రం కూరుకుపోయి సైకిలు ఒరిగింది. తాత దాన్ని వదిలేసి, వెనక నుంచి జారుతున్న పంచె మూటను అందుకుని కూలబడ్డాడు. మూటను చంటిబిడ్డలాగా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇట్లా ఇయ్యి తాతా."

"పొద్దున ఏం తింటివి?"

తూత్తుక్కుడి బస్టాండులో ఇడ్లీ మీదికి చేపల కూర పోయించుకున్నాను. చెప్పక తప్పలేదు.

చంకల కింద చేతులు వేసి లేపాను. ఇంకొక మైలు ఇసుకలో నడవడానికి ఆ మోకాళ్ళు పనికిరావు. తొక్కాల్సిందే. తాత కాలి బొటనవేలితో టైరును నొక్కి చూశాడు.

"గాలి తియ్యి," అన్నాడు.

"చేపల చెయ్యి పరవాలేదా?"

"సైకిలేమన్నా మొక్కుకునిందా?"

మూట మెడకు కట్టుకుని, మెత్తబడిన టైర్ల మీద, తాగినవాడిలా ఊగుతూ పోయాడు. గుడిలో అర్చకుడు పంచె అందుకున్నాక తాత తన ఖాళీ చేతులు చూసుకున్నాడు.

ఇదంతా నిన్న ఆయనకు చదివి వినిపించాను.

"మూడు మైళ్ళు తోసినాను, ఒక మైలు తొక్కినాను. జయించింది యాడ? ఆ మొదటి మాట కొట్టెయ్," అన్నాడు తాత. "చేపల కూర మాత్రం ఉండనీ."