మర్యాదకు మీటరు తిరిగిన రోజులు

ఆ రోజుల్లో నేను కాకినాడలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆ రోజులంటే ఏ గ్రామఫోను కాలమో అనుకునేరు, మూడేళ్ల కిందటి మాట. నీటిపారుదల శాఖలో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాక, మా మేనకోడలి కంపెనీలో అందరికంటే జూనియర్ని నేనే. ఏమీ తెలియని చోట కూర్చుని అన్నీ తెలిసినట్టు తలాడించడమే యవ్వనమైతే, అది నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నాటి డైరీల్లో కాలువల నీటి మట్టం తప్ప మరేమీ లేదు. రెండోసారి నాటివి మాత్రం ఇప్పుడు తీసి చదువుకుంటే నాకే నవ్వొస్తుంది.

మేనకోడలు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం మానేసి వచ్చి, ఒక కాజాల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టింది. ఇప్పుడు వ్యాపారులెవరూ సొంత కంప్యూటర్లు పెట్టుకోరనీ, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను అద్దెకు వాడుకుంటారనీ, దాన్నే క్లౌడ్ అంటారనీ, వాడిన కొద్దీ మీటరు తిరుగుతుందనీ నాకు ఓపిగ్గా చెప్పింది. ఆ బిల్లు తగ్గించిపెట్టడం, ఏఐని ఎక్కడ ఎలా వాడాలో సలహా చెప్పడం వీళ్ల పని. "అంటే ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపి రావడమా?" అన్నాను. "అంతే మావయ్యా, కాకపోతే ఆ గది ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి" అంది. (ఇంట్లో పెళ్లయిన నాటి నుంచీ ఉచితంగా చేస్తూ, దానికి తిట్లు కూడా తింటున్న పనికి ఇంత పెద్ద పేరుందని నాకు అప్పుడే తెలిసింది.)

వాళ్లకు దొరికిన మొదటి ఖాతాదారు రావులపాలెంలో పెద్ద అరటి వ్యాపారి. ఆయన్ని మేము చాటుగా ఓ అరటి రకం పేరుతో చక్రకేళీ గారు అనేవాళ్లం. రైతులు ఫోన్‌లో మెసేజి పెడితే ఏ రకం గెల ఎంత పలుకుతోందో, లారీ ఎప్పుడొస్తుందో చెప్పే ఏఐ ఒకటి ఆయన ఎవరిచేతో పెట్టించారు. అది "మీ అభ్యర్థన స్వీకరించబడినది" అంటూ మొదలుపెట్టేసరికి, రైతులు కోర్టు నోటీసు అనుకుని భయపడి మళ్లీ దాని జోలికి పోలేదు. దాని భాష బాగుచేయాలి, బిల్లు కూడా తగ్గించాలి. ఈ ఒక్క పని నిలబడితేనే కంపెనీ నిలబడుతుంది, లేకపోతే మేనకోడలు మళ్లీ హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. ఆ సంగతి ఆమె పైకి అనకపోయినా, రోజూ సాయంత్రం తలుపు తాళం వేశాక రెండుసార్లు లాగి చూడడంలో నాకు కనిపించేది.

"ఉత్తరాలు డ్రాఫ్టు చేసిన చెయ్యి మీది. మనవాళ్లతో ఎలా మాట్లాడాలో దానికి మీరే రాసిపెట్టండి మావయ్యా" అంది. నేను పద్ధతి ప్రకారం, విభాగాలు చేసి మరీ రాశాను. అడిగిన వెంటనే రేటు చెప్పరాదు. ముందు నమస్కారం, తరువాత భోజనం సంగతి, తరువాత తోట సంగతి, ఆపైన ధర. అవతలివారు సెలవు పుచ్చుకునే వరకూ మనం ముగించరాదు. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి రైతులు దాన్ని "అబ్బాయి" అని పిలవడం మొదలుపెట్టారు. నేను డైరీలో "కృతార్థుడనైతిని" అని రాసుకున్నాను. (గ్రాంథికం నాకు ఆనందం పట్టలేనప్పుడే వస్తుంది.)

నెల మధ్యలో చక్రకేళీ గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, బిల్లు తగ్గిస్తామన్నారు కదా. మూడింతలయిందేంటండి? నెలాఖరుకి దిగకపోతే మనం ఆపేసుకుందామండి, ఏమనుకోకండి" అన్నారు. ఆయన ఎంత మెత్తగా అన్నారంటే, విన్న మేనకోడలు చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది.

అబ్బాయి మాట్లాడినవన్నీ తెరిచి చదివాం. గోదావరి మధ్య లంకలో ఉండే ఒక రైతు కర్పూరం గెల ఎంతుందండి అని అడిగాడు. "నమస్కారమండి, భోజనం అయిందాండి?" అన్నాడు అబ్బాయి. "అయిందండి, తమరిది?" "నాకు ఆకలి ఉండదండి, మీరడిగారు, అదే చాలండి." "అయ్యో, అలా అనకండి. ఓసారి మా ఇంటికి రండి, పులస తెప్పిస్తాను." "తప్పకుండానండి, ఇంట్లో అందరూ కులాసానాండి?" ఇలా వాళ్లింట్లో గేదె ఈనిన దాకా వెళ్లి, అప్పుడు రేటు చెప్పుకున్నారు. అసలు ఖర్చు ఆ తరువాత మొదలైంది. "ఉంటానండి" అన్నాడు రైతు. "మంచిదండి" అన్నాడు అబ్బాయి. "ఉంటానండి మరి." "మంచిదండి, జాగ్రత్తండి." ఇద్దరూ గోదావరి వాళ్లే అయ్యేసరికి చివరి మాట అవతలివారికి వదిలేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"అది జవాబిచ్చిన ప్రతిసారీ మొదటినుంచీ అంతా మళ్లీ చదువుకుంటుంది మావయ్యా. చదివిన ప్రతి మాటకీ మీటరే" అంది మేనకోడలు. మా ఆఫీసులో ఫైలు పద్ధతీ అదే, కాకపోతే అక్కడ ఎవరూ చదివేవారు కాదు కాబట్టి ప్రభుత్వానికి ఖర్చు తగలలేదు.

మా ఇంజినీరు కుర్రాడు (ఏది చూసినా కత్తిరించమంటాడని అతన్ని కత్తెర అనేవాళ్లం) "అంకుల్, మొత్తం పీకేద్దాం" అని మర్యాదలన్నీ తీసేశాడు. ధర అడిగితే ధర, అంతే. బిల్లు వెంటనే దిగింది. రెండో రోజుకి చక్రకేళీ గారి కొట్టుకి వచ్చే గెలలు కూడా దిగిపోయాయి. భోజనం సంగతి అడక్కుండా అబ్బాయి రేటు మొహాన కొట్టాడంటే మార్కెట్ పడిపోతోందన్నమాటేనని రైతులు నిర్ధారించుకుని, కొందరు గెలలు కొయ్యడం ఆపేశారు, కొందరు వేరే కమిషన్ కొట్టుకి తోలేశారు.

ఈసారి చక్రకేళీ గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. కోపంతోనే వచ్చారు, ముఖం ఎర్రగా ఉంది. అయినా కూర్చునే ముందు ఒక్కొక్కరినీ పలకరించారు. కత్తెరని "భోంచేశారా బాబూ" అన్నారు. అతను ఇంకా లేదండి అంటే "మంచిదండి" అన్నారు. నన్ను "ఆరోగ్యం ఎలా ఉందండి" అన్నారు. "మోకాళ్లు బాగా నొప్పండి" అన్నాను. "చాలా సంతోషమండి" అని కుర్చీ లాక్కుని, "ఇప్పుడు చెప్పండి, నా వ్యాపారం ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగారు.

నాకు నవ్వు ఆగలేదు. మేనకోడలు కళ్లతోనే మందలించింది. "అది కాదమ్మా, పలకరింపుకి బుర్ర అక్కర్లేదు. షావుకారు గారు ఇప్పుడు నా జవాబు విన్నారా? వినకపోయినా నాకు హాయిగానే ఉంది కదా. బుర్ర ఖర్చయ్యేది లెక్క దగ్గర. పలకరింపులకి అంత ఖరీదైన అబ్బాయిని నిద్రలేపడం ఎందుకు?" అన్నాను. ఆమె గబుక్కున కత్తెర వైపు తిరిగింది. "పలకరింపులు ముందే రాసిపెట్టుకుందాం. వాటికి ఏఐ మోడల్ దాకా పోనక్కర్లేదు. రేటు మాటో లారీ మాటో వస్తేనే దాన్ని పిలుద్దాం." చక్రకేళీ గారికి ఏమీ అర్థం కాకపోయినా "నెలాఖరు దాకా చూద్దామండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద నుంచి మూడుసార్లు "ఉంటానండి" అన్నారు.

అలా ఆ మాటలన్నీ నేనే రాశాను. పొద్దుటివి వేరే, వాన రోజువి వేరే, తోట గాలికి పడిపోయిందన్నవాళ్లకు వేరే. తోట పడిపోయినవాళ్ల మాట మాత్రం ఎన్నిసార్లు కొట్టేసి రాసినా కుదరక, అలాంటి వాళ్లకు చక్రకేళీ గారి కొట్టు నుంచి మనిషే ఫోన్ చెయ్యాలని పెట్టించాను. వీడ్కోలుకి ఒక్కటే నియమం: ఒకసారి "మంచిదండి" అన్నాక అబ్బాయి ఊరుకోవాలి. నెలాఖరుకి బిల్లు దిగింది, గెలలు తిరిగొచ్చాయి, మేనకోడలు తాళం ఒక్కసారే లాగి చూసింది. ఇప్పుడు కంపెనీ కింద కాజాల దుకాణం వరకూ పాకింది. నేను మాత్రం ఆ మెట్లు ఎక్కలేక రెండోసారి రిటైరయ్యాను.

మొన్న మా పెరట్లో చక్రకేళి గెల పక్వానికొస్తే రేటు కనుక్కుందామని మెసేజి పెట్టాను. "నమస్కారమండి, భోజనం అయిందాండి?" అని వచ్చింది. నేను రాసిన వాక్యమే. అవతల ఎవరూ లేరని, ఆ పలకరింపు వెనక ఏ బుర్రా మేలుకోలేదని లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా "అయిందండి, తమరిది?" అని కొట్టాను. రేటు తెలుసుకున్నాక "ఉంటానండి" అన్నాను. "మంచిదండి" అని నేను నేర్పినట్టే ఊరుకున్నాడు. ఇంట్లోవాళ్లు చూడకుండా నేనే మళ్లీ "ఉంటాను మరి, జాగ్రత్తండి" అని పెట్టాను.