పంపు మీద డచ్చు మాట

విదేశంలోని తువాస్ షిప్‌యార్డుకు నెల రోజుల పని మీద వెళ్ళినప్పుడు, ఒక ఓడలోని పాత పంపులకు విడిభాగాల జాబితా తయారుచేయడం నా బాధ్యత. మొత్తం ఇరవై రెండు వరుసలు. పద్నాలుగో వరుసలో తయారీదారు చిరునామా మాత్రం ఖాళీ. ఆ పంపు ఇత్తడి రేకు మీద డచ్చులో ‘జేమాఖ్ట్’ అని ఉంది. ఆ పేరుగల కంపెనీ కోసం రెండు రోజులు వెతికాను. మూడో రోజు సాయంత్రంలోగా జాబితా ఇవ్వకపోతే, ఓడ బయలుదేరే సమయానికి ఆ పంపులో నీరు కారకుండా ఆపే కొత్త సీలు అందదు.

ఆ ఉదయం కంపెనీ బస్సులో ఫోర్‌మన్ రాములు అంకుల్ నా పక్కన కూర్చున్నారు. మలేషియాలో పుట్టిన తెలుగాయన, మాట చివర అక్కడివాళ్ళలాగే ‘లా’ తగిలిస్తారు; డచ్చువాళ్ళ ఓడల మీద చాలా ఏళ్ళు పనిచేశారు. నా ఫోనులో రేకు ఫొటో చూసి పగలబడి నవ్వారు.

“ఇది కంపెనీ కాదు లా, తంబీ! నేవీ! జే అంటే సముద్రం, మాఖ్ట్ అంటే బలం. రెండూ వాళ్ళ పాత ఇంటిమాటలే, కలిపి పెట్టుకున్నారు. ఈ పంపు ఒకప్పుడు వాళ్ళ నేవీది. చేసినోడి పేరు కింద పెయింటు వెనక ఉంటది, గీకి చూడు.”

“మన ‘నౌకాదళం’ అనే మాటలో ఓడలున్నాయి, దళముంది. సముద్రమే లేదంకుల్,” అన్నాను.

“వాళ్ళ నేల చాలా చోట్ల సముద్రం కంటే కిందే. మరిచిపోతే మునిగిపోతారు లా!”

మధ్యాహ్నం గీకితే పేరూ ఊరూ బయటపడ్డాయి. నాలుగింటికి జాబితా ఇచ్చేశాను. తిరుగు బస్సులో, అక్కడి ఫుడ్‌కోర్టుల్లో ‘చోప్’ అంటూ సీటు ఆపుకున్నట్టు, ఆయన కోసం పక్క సీటులో టిష్యూ ప్యాకెట్టు పెట్టాను.

“బస్సులో కూడా చోపా!” అంటూ అంకుల్ కూర్చుని, ప్యాకెట్టు తన జేబులో వేసుకున్నారు.