పొద్దున కలిపిన పాలు

అల్లపల్లి నుంచి సిరొంచ వెళ్లే బస్సులో నా ఐదు నెలల పాప ఆకలికి ఏడ్చింది. పొద్దున కలిపిన డబ్బాపాల సీసాను మధ్యాహ్నం ఎండలో నోటికి పెట్టబోయాను.

పక్కనున్న ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "ఖరాబైనయి బిడ్డా, జర వాసన చూడు."

ఆమె మాసిన చీర చూసి, "నీకేం ఎరుక? చెయ్యి తియ్యి!" అని కసిరాను. తర్వాత వాసన చూస్తే పాలు నిజంగానే పులిసిపోయాయి.

బస్సు ఆగగానే ఆమె దిగి, హోటల్లో మరిగిన నీళ్లు అడిగి, వేడి చెంబును కొంగుతో పట్టుకొచ్చింది. "సీసా కడిగి కొత్తగ కలుపు. చల్లారినంక తాపు," అంది.

పాప తాగి నిద్రపోయింది. "పైలం బిడ్డా" అంటూ ఆమె జింగనూర్ దారి దగ్గర దిగింది. పాప దుప్పటి సర్దుతున్నట్టు నటించి, నేను తలెత్తనే లేదు.