ఏడూ నలభై నుంచి ఎనిమిదీ యాభై దాకా

జూన్ రెండో వారంలో పోస్టుకు చేరాను. ఉదయం పదకొండు గంటలైంది. ట్రక్కు దిగిన చోటు నుంచి నాలుగు రోజుల నడక. వీపు మీద ఇరవై రెండు కేజీలు. పరుపు సంచీ, రెండు దుప్పట్లు, మంచు బూట్లు, రేడియో విడిభాగాల పెట్టె. గుడిసె తలుపు మీద తెల్ల రంగుతో 15,200 అని రాసి ఉంది. అడుగుల లెక్క. అది చదివి, గడప మీద కూలబడి, పావుగంట సేపు ఊపిరి కోసం తన్నుకున్నాను.

ఎనభైల నడుమ మాట ఇది. మాది రెంటచింతల పక్క పల్లె. వేసవిలో రేడియో వార్తల్లో మా వైపు ఎండలు ఎంతో చెబితే మిగతా ఆంధ్ర దేశమంతా అయ్యో పాపం అంటుంది. అలాంటి చోటు వాణ్ణి వెతికి మరీ లద్దాఖ్‌లో ఆ కనుమ కింద పడేశారు. సైన్యానికి కూడా హాస్యం తెలుసునని అప్పుడే నాకు అర్థమైంది.

మూడు రాతి గుడిసెలు. నలుగురం మనుషులం. హవల్దారు మాకు పెద్ద. మందుల పెట్టె చూసుకునే నర్సింగ్ సహాయకుడు ఒకడు. వంటవాడు ఒకడు. నేను సిగ్నల్స్, అంటే రేడియో నాది. మిగతా ప్లటూను ఒక రోజు నడక దూరంలో, కనుమ పైన ఉండేది. ఆ దారిన కాలినడకన కొండలు చూడబోయే వాళ్ల పేర్లు రిజిస్టర్లో రాసుకోవటం కూడా నా పనే. ఎక్కువగా విదేశీయులు. ఊపిరాడని చోటికి డబ్బు పెట్టుకుని మరీ ఎందుకొస్తారో నాకు బోధపడేది కాదు.

ఉదయం ఆరు, తొమ్మిది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం అయిదు. ఇవీ కింది స్థావరంతో మాట్లాడే వేళలు. అత్యవసరమైతే ఎప్పుడైనా పిలవచ్చు. మిగతా కాలమంతా ఖాళీ. మిగిలిన ముగ్గురూ ఒకే జిల్లా మనుషులు. పేకాడుకుంటూ వాళ్ల భాషలో నవ్వుకునేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు, నన్నూ పిలిచేవాళ్లు. కానీ హిందీలో జోకు అర్థమయ్యేలోపు వాళ్లు నవ్వటం కూడా అయిపోయేది. తెలుగు మాట విని నెలలు గడిచాయి. మరిచిపోతానేమోనని భయం వేసి, గుడిసెలో ఒక్కణ్ణే కూర్చుని మా రైలు స్టేషన్ల పేర్లు పైకి చదివేవాణ్ణి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికూడి, గురజాల, రెంటచింతల, మాచర్ల. మాచర్ల తర్వాత పట్టాలు లేవు కాబట్టి మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి.

జులైలో ఒక విదేశీ ఆమె రాళ్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. ఆమె మెళ్లో ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. అందులో బీమా కాగితం. ఎంత ఎత్తు దాకా పనికొస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, ఏ నంబరుకు కబురు చెయ్యాలో అంతా అచ్చేసి ఉంది. నేను రేడియో సెట్టు ముందు కూర్చుని ఆ నంబరు ఒక్కో అంకె చొప్పున చదివాను. ముప్పై అయిదు నిమిషాల్లో అనుమతి వచ్చింది. ఇంకో నలభై నిమిషాల్లో హెలికాప్టర్ దిగటానికి మేం నేల మీద సున్నంతో గీసిన వలయంలో దిగింది. ఆమె కుంటుతూ ఎక్కి, మాకు చాక్లెట్లు విసిరి, చెయ్యూపి వెళ్లిపోయింది.

హవల్దారు ఆ దుమ్ములోనే నిలబడి అన్నాడు. "చూశావా మద్రాసీ? ఆమె ఇంటి దగ్గర బయల్దేరకముందే, ఆమె కాలు విరిగితే ఏం చెయ్యాలో ఎవడో కూర్చుని ఆలోచించాడు."

మా వైపు లారీ కొంటే బీమా చేయిస్తారు. మనిషి కాలికి కూడా చేస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఆగస్టు మొదట్లో ఇంకో బృందం వచ్చింది. ఆరుగురు విదేశీయులు, ఒక గైడు, కూలీలు. కూలీల్లో పెద్దాయన ఒకడు, యాభై దాటి ఉంటాయి. కింది లోయల మనిషి. అక్కడ ఆపిల్ తోటలుంటాయి. వంట సామాను పెట్టె, కిరసనాయిల్ డబ్బా ఆయన మోత. వచ్చేసరికే దగ్గుతున్నాడు. తెల్లారి మిగతా వాళ్లు కనుమ ఎక్కుతుంటే ఆయన లేవలేకపోయాడు. గైడు మా దగ్గర వదిలి, "రెండు రోజులు పడుకుంటే సర్దుకుంటాడు. తిరుగు దారిలో తీసుకుపోతా" అని చెప్పి చేతులు దులుపుకుని వెళ్లాడు.

రేడియో గుడిసెలో పొయ్యి ఉంటుంది గనక ఆయన్ని అక్కడే పడుకోబెట్టాం. రిజిస్టర్లో ఆయన పేరు రాసుకున్నాను గానీ, ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. పెద్దవాణ్ణి పేరుతో పిలిచే అలవాటు మాకు లేదు. బాబాయ్ అన్నాను. ఏమిటని అడిగాడు. నాన్న తమ్ముడు అని హిందీలో చెప్పాను. నవ్వి, తర్వాత నుంచి ఆ పిలుపుకు పలకటం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగు మాటకు ఒక మనిషి తల తిప్పి చూడటం ఎన్నాళ్లకు!

నేను స్టేషన్ల పేర్లు చదువుతుంటే విని, "ఏ దేవుడి మంత్రం అది?" అన్నాడు.

"మా ఊరి దేవుడిది" అన్నాను.

"రోజూ చదువు. నాకూ మంచిది" అన్నాడు.

సెప్టెంబరులో ఆపిళ్ల కోతకు ఇంటికి చేరాలని చెప్పాడు. కోతకు మనిషి లేకపోతే కాయ రాలిపోతుందట. అదొక్కటే ఆయన దిగులు.

మూడో రోజు తెల్లారి నర్సింగ్ సహాయకుడు ఆయన ఛాతీ మీద చెవి పెట్టి విని, ముఖం మాడ్చుకుని లేచాడు. పెదాలు నీలం తిరిగాయి. ఉమ్ములో నురగ, నురగలో గులాబి రంగు. "ఊపిరితిత్తుల్లో నీరు దిగింది. కిందికి దించితే బతుకుతాడు. ఇక్కడే ఉంటే సాయంత్రం దాకా కూడా కష్టం" అన్నాడు. సూది మందు ఇచ్చాడు. ఆక్సిజన్ సిలిండరు సగం ఉంది, అదీ పెట్టాడు.

కిందికి మోసుకుపోదామంటే దారి లేదు. ఏటి మీద గడ్డకట్టిన మంచు వంతెన ఈ బృందం దాటి వచ్చిన మర్నాడే కూలిపోయింది. ఇక మిగిలింది కనుమ. అంటే, దిగాలంటే ముందు రెండు వేల అడుగులు ఎక్కాలి. ఆ స్థితిలో ఎక్కిస్తే దారిలోనే పోతాడు. హెలికాప్టర్ ఒక్కటే దిక్కు.

ఏడూ నలభైకి కింది స్థావరాన్ని పిలిచాను. ఆకాశం అద్దంలా ఉంది. గాలి లేదు.

కింది ఆపరేటరు తమిళుడు, మర్యాదస్థుడు. "రోగి సైనికుడా? ఓవర్."

"కాదు. సివిల్. కూలీ. ఓవర్."

"బీమా నంబరు చెప్పు. ఓవర్."

"లేదు. బృందం కాగితంలో మెంబర్లకే ఉంది, కూలీలకు లేదు. ఓవర్."

"ఖర్చుకు గ్యారంటీ ఎవరు? ఓవర్."

"ఎవరూ లేరు. ఓవర్."

"అయితే పై అనుమతి కావాలి. అడుగుతాను. వేచి ఉండు. అవుట్."

వేచి ఉన్నాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. మా నాన్న నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. ఎకరంన్నర మెట్ట ఉండేది. కొట్లాట కేసుల్లో పట్టుకుపోయిన వాళ్లను కోర్టు వదలాలంటే ఎవరో ఒకరు పొలం కాగితాలు చూపించి జామీను నిలబడాలి గదా. మా ఊళ్లో ఆ ఎవరో ఒకరు మా నాన్నే. "ఎవురన్నా వచ్చి మామా అంటే చాలు, కాయితాలు చంకలో పెట్టుకోని గురజాల బస్సెక్కుతాడు ఈ మనిషి" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఒకసారి అలా విడిపించిన వాడు వాయిదాకు రాకుండా పారిపోయాడు. నాన్న రెండేళ్లు కోర్టు మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ఎవడి కాగితం మీదా నా పేరు ఉండకూడదని ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను. సైన్యం నాకు నచ్చిందే అందుకు. అడిగింది చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అంతకు మించి మన మీద ఏదీ ఉండదు.

ఆ ఉదయం కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఎవరూ లేరు అన్నాను.

ఎనిమిదిన్నరకు ఆక్సిజన్ ముల్లు కిందికి జారింది. హవల్దారు బయట పచార్లు చేస్తూ ఎవరినో తిడుతున్నాడు. ఎవరినో ఆయనకూ తెలియదు. బాబాయ్ ఊపిరి తీస్తుంటే గిన్నెలో నీళ్లు మరుగుతున్న చప్పుడు. ఆయన నా వైపే చూస్తున్నాడు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. నేనూ ఒక జవాబేదో చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఎనిమిదీ యాభైకి సెట్టు పలికింది. "పై నుంచి జవాబు రాలేదు. గ్యారంటీ పేరు ఏదైనా దొరికిందా? ఓవర్."

"దొరికింది. రాసుకో. గ్యారంటీ నేను. ఓవర్."

"నువ్వా? ఆయన నీకేమవుతాడు? ఓవర్."

"బాబాయ్. ఓవర్."

"రాసుకున్నాను. పైకి పంపుతున్నాను. అవుట్" అన్నాడు. గుమ్మంలో హవల్దారు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నీ జీతం మొత్తం గాలికి పోతుందిరా పిచ్చివాడా" అన్నాడు. అన్నాక లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, తియ్యలేదు.

సరిగ్గా ముప్పై అయిదు నిమిషాలు. తొమ్మిదీ ఇరవై అయిదుకు హెలికాప్టర్ లేచిందని కబురు. బాబాయ్‌ని మంచంతోనే బయటికి మోసి సున్నపు వలయం పక్కన కూర్చోబెట్టాం. వంటవాడు గుర్తు కోసం పొగ పెట్టాడు. తొమ్మిదీ యాభైకి పడమటి గట్టు మీద నుంచి మబ్బు దిగింది. పది నిమిషాల్లో లోయ నోరు మూసుకుపోయింది. పదీ అయిదుకు చప్పుడు వచ్చింది. మాకు కిందుగా, మబ్బు కింద రెండు చుట్లు తిరిగింది. తిరిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి బాబాయ్ పోయాడు.

పైనున్న ప్లటూను వాళ్లు దిగి వచ్చి ఆయన్ని కనుమ దాటించారు. ఆయన మూట ఇంటికి చేరిందని గైడు తర్వాత ఇంకోసారి ఆ దారిన వచ్చినప్పుడు చెప్పాడు. నా గ్యారంటీ కాగితం ఏమైందో తెలియదు. రోగిని ఎక్కించుకోలేదు గనక ఖర్చు రాయలేదన్నారు. జీతంలో పైసా పట్టలేదు. పట్టి ఉంటే బాగుండునని ప్రతి నెలా ఒకటో తారీఖున అనిపించేది.

ఆ తర్వాత స్టేషన్ల పేర్లు చదవలేదు. అయిదు నెలలు ఆ గుడిసెలో నేనూ, సెట్టూ, గోడ వారన ఖాళీ చోటు.

లెక్క వెయ్యని రోజు లేదు. ఏడూ నలభైకే నేను అని ఉంటే, ఎనిమిదీ పదిహేనుకు లేచేది. ఎనిమిదీ యాభై అయిదుకు దిగేది. మబ్బు రావటానికి ఇంకా యాభై అయిదు నిమిషాలు ఉండేది. నా దగ్గర మాట ఉంది. డెబ్బై నిమిషాలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

మీలో ఎవరైనా పై కొండలకు నడవబోతుంటే ఆ బీమా కాగితం తీసుకోండి. ఎంత ఎత్తు దాకానో చదువుకోండి. మీ మూట మోసేవాడి పేరు కూడా అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి, లేదా మీ మూట మీరే మోసుకోండి. నేను చెప్పగలిగిన సలహా ఇంతే.

జనవరిలో సెలవు ఇచ్చారు. గుంటూరులో మాచర్ల బండి ఎక్కి రెంటచింతలలో దిగాను. నాన్న స్టేషన్‌కు వచ్చాడు. ఊళ్లో అందరూ ఒకటే అడిగారు, మంచు ఎట్టుంటది, తెల్లగా ఉంటదా అని. ఉంటది అన్నాను. మూడో రోజు పొలం గట్టు మీద నాన్నకు ఒక్కడికే చెప్పాను. మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ లేరన్నానని కూడా చెప్పాను.

"అడగ్గానే నేనున్నా అనాల్సింది గదరా" అన్నాడు. తిట్టలేదు. జాలిపడ్డాడు. ఎవరి మీదో నాకు తెలియలేదు. ఇద్దరి మీదా అనుకుంటాను.

నాన్నకు కూడా చెప్పనిది ఒకటి ఉంది.

హెలికాప్టర్ మబ్బు కింద తిరుగుతున్నప్పుడు నేను గుడిసెలో సెట్టు దగ్గర ఉన్నాను. హెడ్‌ఫోను నా చెవులకే ఉంది. "ఏమీ కనబడటం లేదు, తిరిగి వెళ్తున్నాను" అని పైలట్ అన్న మాట ఆ కొండల్లో నేనొక్కణ్ణే విన్నాను. తలెత్తితే తెరిచిన తలుపులోంచి బాబాయ్ కనబడ్డాడు. చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని, కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. టోపీ సర్దుకున్నాడు. మూట ఒళ్లోకి తీసుకున్నాడు. నా వైపు తిరిగి, ఎటు నుంచి దిగుతుందని చేత్తో అడిగాడు.

నేను తూర్పు వైపు చూపించాను. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.