మిల్లు సారు హాల్లో రెండుసార్లు పాడిన పాట

ఆ రోజుల్లో కొత్తిల్లు కట్టినవాళ్లకి హోం థియేటర్ లేకపోతే పరువు సగం పోయినట్టే. సినిమాలో వాన పడితే వెనక స్పీకర్లోంచి చినుకులు వినపడాలి, లేకపోతే వచ్చిన చుట్టం మెచ్చుకోడు. ఆ చినుకులు వినిపించే పని నాది. సూర్యాపేటలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో కొత్తగా చేరాను. నాలుగు వైర్లు కలపడం వచ్చేసరికి శబ్దశాస్త్రమంతా నా జేబులో ఉందనుకునేవాణ్ణి. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సారు ఇంటికి మొదటిసారి నన్నొక్కణ్ణే పంపిస్తూ మా సేటు, "సెట్టు వాపస్ వచ్చిందనుకో, నువ్వు షాపుకు రాకు. సీదా మోతె బస్సెక్కు" అన్నాడు. (మోతె మా ఊరు. అక్కడ మా పత్తిచేను నాకోసం ఎదురుచూస్తోంది. నేను మాత్రం దానికోసం చూడటం లేదు.)

మిల్లు సారు హాలు చూసి మురిసిపోయాను. కింద మొహం కనపడేంత గ్రానైటు, నున్నటి గోడలు, నిలువెత్తు అద్దాలు. స్పీకర్లన్నీ బిగించి పాట పెట్టాను. గాయని ఒకసారి పాడితే హాలు రెండుసార్లు పాడింది. తబలా దెబ్బ వంటింటిదాకా వెళ్లి తీరిగ్గా తిరిగొచ్చింది. కోదాడ నుంచి వచ్చిన సారు బావమరిది, "ఏంటి బావా, నూతిలో కూర్చుని పాడుతున్నట్టుంది?" అన్నాడు. సారు నావైపు తిరిగి, "ఖరాబ్ సెట్టు తెచ్చినవ్. తీస్కపో" అన్నాడు.

"సెట్టు మంచిదే సార్, హాలు బోసిగుంది. సోఫాలు, పరదాలు వస్తే ఎకో ఖతం అయితది."

"గృహప్రవేశం కాకముందు ఇంట్ల సామాన్ పెట్టొద్దని పంతులు చెప్పిండు." (టీవీ, ఐదు స్పీకర్లు, బీరువాలో సగమున్న ఊఫర్ పెట్టె సామాను కిందికి రావట. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.) "ఎల్లుండి ముహూర్తం. గప్పుడు గూడ గిట్లనే ఉంటే నీ సెట్టు నీకే."

ముహూర్తం రోజున పాలు పొంగాయి, వ్రతం అయింది, చుట్టాలు చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. పాట పెట్టాను. ఒక్కసారే వినిపించింది! అంతమంది ఒళ్లూ పట్టుచీరలూ కలిసి ఎకోని మింగేశాయి. సారేమో బయట పంతులుగారిని సాగనంపుతున్నాడు. అంతలో ఎవరో "బువ్వకు లేవుండ్రి!" అని కేకేశారు. సగం హాలు లేచింది, పాట మళ్లీ రెండైంది. పరుగెత్తి, అందరికంటే ముందు వస్తున్న ముసలమ్మకు ఎదురుగా గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"పెద్దమ్మా, జర కూసో. ఒక్క పాట."

"ఆకలైతుంది బిడ్డా, పాట తింటమా?"

"నీ కాళ్లు మొక్కుత. సారు వచ్చి ఇనేదాక."

అని ఊరుకోలేదు, నిజంగానే మొక్కాను. నా మొహంలో ఏం చూసిందో ఆవిడ చతికిలబడి, "కూసోండ్రే, పిలగాడు ఏడ్సేటట్టున్నడు" అని తక్కిన ఆడవాళ్లనూ లాగి కూర్చోబెట్టింది. సారు వచ్చాడు, విన్నాడు, బావమరిదితో "సూసినవా, పాలు పొంగంగనే దోషం పోయింది" అన్నాడు. అందరికంటే గట్టిగా నేనే తలూపాను.

ఇప్పుడు నాకే షాపుంది. గోడలకు ఫోమ్ పలకలు వేయిస్తాను, ఫోన్లో యాప్ పెట్టి ఎకో కొలుస్తాను. నచ్చకపోతే వేరే షాపు చూసుకొమ్మని చల్లగా చెప్పేస్తాను. ఒక్క పాట సరిగ్గా వినిపించడానికి ముసలమ్మ కాళ్ల మీద పడ్డ ఆ కుర్రాడు ఇవాళ పనికోసం వస్తే కళ్లకద్దుకుని పెట్టుకుంటాను. నన్ను చూశాక వాడు చేరతాడో లేదో మాత్రం చెప్పలేను.