ఏరియల్ కింద తాండూరు రాయి

మొన్న ఆదివారం పొద్దున్నే పాలకోసం గేటు దాకా వస్తే, మా వీధి మలుపులో జీపులు వరుసగా ఆగి ఉన్నాయి. హైదరాబాదు నుంచి అనంతగిరి కొండల వైపు వచ్చే కుర్రకారుకు వికారాబాద్‌లో చాయ్ తాగనిదే కొండ ఎక్కే ఓపిక రాదు. ఒక జీపు ముందు భాగంలో, బానెట్ పక్కన, మనిషికంటే ఎత్తుగా సన్నటి ఏరియల్ నిలబడి గాలికి ఊగుతోంది. లోపలున్న పిల్లవాడు చేతిలో చిన్న మైకు పట్టుకుని, ఇడ్లీ తిందామా దోసె తిందామా అని ముందు బండివాణ్ణి రేడియోలో అడుగుతున్నాడు. ముందు బండి పిలిస్తే పలికేంత దగ్గరలోనే ఉంది. నాకు నవ్వొచ్చింది. కాని నవ్వుతూనే నా చూపు ఏరియల్ అడుగుకు పోయింది. ఇనుముకు ఇనుము ఆనుకుని ఉందా, మధ్యలో ఏమన్నా ఉందా అని చూడడం నాకు అలవాటైపోయింది. "ఏం జూస్తున్నరు ఆంటీ?" అని ఆ పిల్లవాడు అడిగాడు. ఏమీ లేదు నాయనా అని లోపలికి వచ్చేశాను. పాల ప్యాకెట్ చేతిలోనే ఉంది, స్టవ్ వెలిగించాలన్న ధ్యాసే రాలేదు. మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. తాండూరులో బండలకు పాలిష్ పట్టే చిన్న మిషన్ ఉండేది ఆయనకు. ఇంటి వెనకే రేకుల షెడ్డు, షెడ్డు పక్కన బూడిదరంగు బురద, పొద్దంతా నీళ్లు కారుతున్న చప్పుడు. నేను వికారాబాద్‌లో బడిపంతులమ్మను. శనివారం బడి వదలగానే రైలెక్కి అక్క ఇంట్లో తేలేదాన్ని. ఆ ఇంట్లో గచ్చు రాయి, అరుగు రాయి, వంటగట్టు రాయి, టీవీ కింద రాయి. కుర్చీ కదిలితే కాలికింద పలక, పచ్చడి జాడీకి మూతగా పలక. నా పెళ్లికి అందరూ గిన్నెలూ చీరెలూ పెడితే బావ నున్నటి నీలం బండతో చేసిన పీట పెట్టాడు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. "బావా, నీకు జ్వరమొస్తే గోలీ మింగుతవా, కంకర మింగుతవా?" అని ఆటపట్టించేదాన్ని. "నీ మొగుడు ఆ పీట మీద కూసున్నాక గట్టిగయిండు, మర్చిపోకు మరదలా" అనేవాడు. మాటకు మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాడు. ఏ చిక్కుకైనా ఆయన దగ్గర మందు రాయే.

వాళ్లకు ఒక్కడే కొడుకు. నాకూ కొడుకు వరసే, నన్ను చిన్నమ్మా అని పిలిచేవాడు. తండ్రితోపాటు మిషన్ చూసుకునేవాడు కానీ, వాడి ప్రాణమంతా ఒక పాత జీపు మీద ఉండేది. ఎక్కడో తుప్పుపట్టి పడి ఉన్నదాన్ని తెచ్చి, విప్పి, మళ్లీ బిగించి, ఆదివారమైతే స్నేహితులతో కలిసి గుట్టల్లో, వాగుల్లో, మామూలు మనిషి నడవడానికే జంకే చోట్ల నడిపేవాడు. ఆ గుట్టల్లో ఫోన్లు పనిచేయవు. అందుకని లైసెన్సు అక్కర్లేని రేడియోలు ఒక జత కొన్నాడు. ఒకటి జీపుకు, ఒకటి ఇంటికి. డాబా మీద ఏరియల్ కట్టి, ఇంట్లోది అక్క వంటింట్లో పెట్టాడు. జీపుకు బానెట్ పక్కన ఏరియల్ కోసం రెండు బెజ్జాలు చేశాడు. తర్వాత బండికంతా తనే రంగు వేశాడు, ముదురు ఆకుపచ్చ. వెల్లకిలా పడుకుని అడుగు భాగానికి కూడా వేశాడు. రంగు ఆరాక ఏరియల్ బిగిస్తానన్నాడు. ఆ వారమే జ్వరమొచ్చింది. ఆస్పత్రికి నడిచి వెళ్లినవాణ్ణి మోసుకుని తెచ్చారు. అంతకంటే ఆ సంగతి నేను రాయలేను.

అక్క ఏడ్చింది. నేను ఏడ్చాను. బావ ఏడవలేదు. దినాలకు వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, అన్నాలు వడ్డించాడు, అందరూ వెళ్లాక మిషన్ దగ్గరికి పోయి కూర్చున్నాడు. మాటలు మానేశాడు. కొన్నాళ్లకు జీపు తీయడం మొదలుపెట్టాడు. పొద్దున పోయేవాడు, పొద్దుగూకినంక వచ్చేవాడు. ఎక్కడికి పోయావంటే "గిట్లనే" అనేవాడు. తాండూరు చుట్టూ బండలు తీసి వదిలేసిన పాత గనులు ఎన్నో ఉన్నాయి. వానలకు నిండి, నిటారు గోడల మధ్య నీళ్లు నల్లగా నిలిచి ఉంటాయి. ఒకరోజు గొర్రెలు కాసే మనిషి ఒకాయన ఇంటికి వచ్చాడు. "మీ సారు గుంత అంచుకు జీపు పెట్టుకోని పొద్దంత గట్లనే కూసుంటున్నడమ్మా. ఇంజను బందు చేస్తలేడు" అని చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ భయం పేరు అక్కా నేనూ ఒకరికొకరం నోరు తెరిచి చెప్పుకోలేదు. అక్క తాళంచెవి దాచింది. బావ గోడ వైపు తిరిగి పడుకుని అన్నం మానేశాడు. తాళంచెవి తిరిగి చేతిలో పెట్టాక తిన్నాడు. అప్పుడు అక్క ఒక్క మాట అడిగింది. "పో. నేనొద్దంటలేను. కాని వాడు తెచ్చిన రేడియో జీపుల పెట్టుకో. నేను పిలిస్తె పలుకు. అంతే." బావ తలూపాడు. నాకైతే ఆ తలూపడం వరమిచ్చినట్టే అనిపించింది.

అక్క కొడుకు స్నేహితుడొకడు వికారాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు, సాయిబుల అబ్బాయి. ఇద్దరూ కలిసే గుట్టలెక్కేవాళ్లు. ఆదివారం నాతోపాటే రైల్లో వచ్చి తీగలు లాగాడు, రేడియో బిగించాడు. ఏరియల్ మాత్రం బావ ముట్టనివ్వలేదు. తనే బిగిస్తానని షెడ్డులోకి పోయాడు. కొడుకు పోయాక మొదటిసారి మిషన్ మీద మనసుపెట్టి పనిచేయడం అప్పుడే చూశాం. అరచేయంత నీలం రాయి కోసి, అంచులు గుండ్రం చేసి, మొహం కనిపించేదాకా పాలిష్ పట్టి, కొడుకు చేసిన రెండు బెజ్జాలకు సరిగ్గా సరిపోయేట్టు రాతికీ బెజ్జాలు పెట్టాడు. ఆ రాయిని బండిమీద పరిచి, దానిమీద ఏరియల్ పట్టీ పెట్టి, బోల్టులకు చుట్టూ రబ్బరు తొడిగి బిగించాడు. రంగుకు గీత కూడా పడలేదు. అంత అందమైన పీట ఏ జీపు ఏరియల్‌కూ ఉండి ఉండదు. "చూసినవా, దీనికి గూడ రాయే" అని నేనంటే, ఎన్నాళ్లకో బావ పెదవి కొంచెం కదిలింది. అక్క కొబ్బరికాయ కొట్టింది.

రేడియో పలకలేదు. పలకలేదంటే, వీధి చివరిదాకా పలికింది. రైల్వే గేటు దాటితే వట్టి గరగర. ఆ గరగర వింటూ అక్క వంటింట్లో మైకు పట్టుకుని "ఇనవడ్తుందా? ఏమయ్యా, ఇనవడ్తుందా?" అని పొద్దంతా పిలిచేది. బావ సాయంత్రం వచ్చి, "నేను పలికిన. నీకే ఇనరాలే" అనేవాడు. నిజంగా పలికాడో లేదో మాకెట్లా తెలుస్తుంది? ఆ అబ్బాయి ఇంకో ఆదివారం వచ్చి తీగ మార్చాడు. మళ్లీ వచ్చి ఇంకేదో విప్పి బిగించాడు. అక్క పెట్టిన జొన్నరొట్టె తిని, తలవంచుకుని వెళ్లిపోయేవాడు. వీడికి పని రాదేమోనని నేను లోపల విసుక్కున్నాను.

ఒకసారి చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చినప్పుడు నిలదీశాను. వాడు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "రాయి తోటి పరేషాన్ చిన్నమ్మా. ఏరియల్ పట్టీ బండి ఇనుముకు తగలాలె. రంగు గూడ అడ్డమే, గీకాలె. గీడ రంగుంది, రాయుంది, రబ్బరుంది. ఎట్ల పోతది ఆవాజ్?"

"మొదటిరోజే చెప్పొచ్చు కద బిడ్డా."

"ఎట్ల చెప్పాలె? ఆ రాయి కింద మా దోస్తు ఏలు గుర్తుంది. రంగు ఆరిందా అని బొటనేలు పెట్టి చూసిండు. ఆరలే. గుర్తు పడ్డది. నేను పక్కకే ఉన్న, మస్తు నవ్వినం. అంకుల్‌కు తెలుసు. అందుకే రాయి కప్పిండు." వేరే దగ్గర తీగ కలపొచ్చు కదా అంటే, ఎక్కడ కలిపినా కొంచెం రంగు గీకాల్సిందేననీ, బండికి వాడు రంగు వేయని చోటంటూ లేదనీ, ఆ మాట అడిగే ధైర్యం తనకు లేదనీ అన్నాడు. మొహం కడుక్కునే నెపంతో చాలాసేపు నీళ్లు చల్లుకున్నాడు. వాణ్ణి విసుక్కున్నందుకు నాకే మనసు చివుక్కుమంది.

నేను అక్కకు చెప్పాను. అక్క చేతిలో పిండి దులుపుకుని బయటికి వెళ్లింది. ఆ అబ్బాయితో బోల్టులు విప్పించింది. రాయి తీస్తే, కింది బెజ్జాన్ని ఆనుకునే ఉంది గుర్తు. రంగులో చిన్న గుంట, అందులో సన్నటి గీతలు. అక్క దాన్ని ముట్టుకోలేదు. కొంగుతో చుట్టూ ఉన్న రాతిపొడి తుడిచింది. బావ షెడ్డు లోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"దాన్ని ముట్టకు" అన్నాడు.

"పట్టీ ఆనేంత గీకితే సగమే పోతదట."

"సగం గూడ వద్దు. నాకు ఇంకేముంది వానిది?"

"నాకు నువ్వున్నవ్" అంది అక్క. "నువ్వు ఆ గుంత కాడ ఏం జేస్తున్నవో నాకు తెలుసు. ఇంట్ల కూసోని వట్టి గరగర ఎన్నొద్దులు ఇనాలె నేను? వాడు ఇది తెచ్చింది మాట్లాడనీకె. దాచిపెట్టుకోనీకె కాదు."

మేమిద్దరం అన్నాళ్లూ నోట పెట్టని మాటను అక్క అట్లా అందరి ముందూ అనేసింది. బావ మా ముగ్గురినీ చూశాడు. తిరిగి షెడ్డులోకి పోయాడు. కాసేపటికి పాలిష్ మిషన్ చప్పుడు మొదలైంది. నేను తొంగి చూస్తే మిషన్ కింద బండ లేదు. ఉత్తగా తిరుగుతోంది, నీళ్లు కారుతున్నాయి, బావ అటు తిరిగి నిలబడ్డాడు. గీకే చప్పుడు వినలేక వేసుకున్నాడని అర్థమైంది. గరుకు కాగితం ఆ అబ్బాయి అందుకోబోతే అక్క ఇవ్వలేదు. తనే గీకింది. ఆకుపచ్చ పొడి ఆమె గోళ్లలోకి పోయింది. కింద ఇనుము తెల్లగా తేలింది. గుర్తులో సగం పోయింది, సగం మిగిలింది. అక్క కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. నేను ఆమె భుజం పట్టుకుని నిలబడడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

రాయి పక్కన పెట్టి, ఏరియల్‌ను ఇనుముకే ఆనించి బిగించాక బావ ఎవరితోనూ మాట్లాడకుండా జీపెక్కి పోయాడు. ఎక్కడికో మాకు తెలుసు. ముగ్గురం వంటింట్లో రేడియో ముందు కూర్చున్నాం. ఇక చేరి ఉంటాడనుకున్నప్పుడు అక్క మైకు తీసుకుంది. "ఏడున్నవ్?"

గరగర. తర్వాత, పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా, బావ గొంతు. "గుంత కాడ."

ఆ తర్వాత మాట రాలేదు. ఏడుపు వచ్చింది. కొడుకు పోయాక ఎవరి ముందూ ఏడవని మనిషి, మైకు మీద బటన్ నొక్కిపట్టి ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి అట్లా ఏడవగలడని నాకు అంతవరకు తెలియదు. నేను తట్టుకోలేక మైకు లాక్కోబోయాను. "అంకుల్ బటన్ వదిలేదాక మనది పోదు చిన్నమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. ఒకరు నొక్కితే రెండోవాళ్లు వినాల్సిందే. ఓదార్చడానికి వీల్లేదు, ఊరుకొమ్మనడానికి వీల్లేదు. అక్క కదలకుండా విన్నది. చివరికి బటన్ వదిలాడు.

"అయ్యిందా?" అని అక్క మెల్లగా అడిగింది. "జీపు ఎనుకకు తిప్పు. నేను ఇనుకుంటనే ఉంట. తొవ్వపొంటి ఏమేం కనవడ్తున్నయో చెప్పుకుంట రా."

కాసేపటికి ఇంజను చప్పుడుతో కలిసి ఆయన గొంతు వచ్చింది. "తిప్పిన." మళ్లీ కొంచెంసేపటికి, "కందిచేను." "బండల లారీ పోతున్నది, సైడిచ్చిన." "కాగ్నా వాగు బ్రిడ్జి మీదికి ఒచ్చిన." ఒక్కొక్కదానికి అక్క "ఆఁ, రా" అంటోంది. "రైల్వే గేటు పడ్డది. రైలు పోయేదాక ఆగాలె." "ఆగు. నేనున్న." తర్వాత ఆయన గొంతు రేడియోలోంచీ వాకిట్లోంచీ ఒకేసారి వినిపించింది. జీపు ఆగింది. బావ లోపలికొచ్చి అన్నం తినడానికి కూర్చున్నాడు. అక్క మైకు మాత్రం ఇంకా చేతిలోంచి దించలేదు.

ఆ తర్వాత కూడా బావ జీపు తీసేవాడు, గుట్టల దాకా పోయేవాడు. కాని తోవంతా అక్కకు చెప్పుకుంటూనే పోయేవాడు, చెప్పుకుంటూనే వచ్చేవాడు. కిందటి చలికాలం తన మంచం మీదే, అక్క పట్టిన నీళ్లు తాగి కన్నుమూశాడు. కొడుకు లేని కాలాన్ని వాళ్లిద్దరూ అట్లా ఒక చేను, ఒక బ్రిడ్జి, ఒక గేటు పేరు చెప్పుకుంటూ దాటారు. మిగిలిన తోవను ఎవరికీ చెప్పుకోకుండా అక్క ఒక్కతే నడుస్తోంది.