తాతయ్య దోతీ, ఖర్జూరం గింజలూ

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, మేం ఒమన్‌లోని బౌషర్‌లో కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్లం. పక్కింట్లో జపాన్ ఆంటీ. ఆవిడ పెరట్లో పెద్ద పీపాలో నీలిరంగు పులియబెట్టి, గుడ్డల్ని ముడులేసి ముంచి, గోడకు వేలాడదీసే బొమ్మల తెరలు చేసేది. ఆ వాసనకు అమ్మ ముక్కు మూసుకునేది గానీ, కొత్త బట్ట ఆరేస్తే మాత్రం గోడమీంచి తొంగిచూసేది.

ఆ ఏడే అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య పోయాడు. నాన్నకు సెలవు దొరక్క చివరిచూపుకి కూడా వెళ్లలేకపోయాం. ఊరినుంచి వస్తున్న ఒకాయన చేత మామయ్య పంపిన తాతయ్య దోతి ఒక్కటే అమ్మకు మిగిలింది. దాన్ని ఉతక్కుండా దిండు కింద పెట్టుకునేది.

అమ్మ తెల్లబట్టల్ని చివర్లో నీలిమందు కలిపిన నీళ్లలో జాడించడం చూసేదాన్ని. ఆంటీ పీపాలోదీ అదేననుకున్నా. మాసిన దోతి మల్లెపూవులా అయితే అమ్మ మురిసిపోతుందని, ఆంటీ లోపలున్నప్పుడు తీసుకెళ్లి ముంచేశాను. పైకి తీస్తే ఆకుపచ్చ! చూస్తుండగానే, గాలి తగిలిన చోటల్లా నీలమైపోతోంది. కెవ్వుమన్నాను.

ఆ కేకకు ఆంటీ వచ్చింది, వెనకే అమ్మ. అమ్మ నన్ను కొట్టలేదు. దోతిని ముక్కుకు ఆనించుకుని, అక్కడే చతికిలబడింది.

"మా నాయిన వాసన పోయిందే," అంది.

అది ఎందుకు ఉతకలేదో అప్పుడు తెలిసింది నాకు.

తెలుపు ఇక రాదని ఆంటీ వచ్చీరాని హిందీలో ఉన్నమాట చెప్పేసింది. నాకెంత కోపమొచ్చిందో! అబద్ధమైనా చెప్పొచ్చు కదా అనిపించింది. ఆవిడ మాత్రం ఖర్జూరం గింజలు తెచ్చి, ఒక్కోటీ బట్టలో పెట్టి దారంతో ముడేయడం చూపించింది. కట్టిన చోట ఇప్పటి లేతరంగు నిలుస్తుందట, మళ్లీ ముంచితే మిగతాది ముదురుతుందట. ముగ్గురం సాయంత్రం దాకా ముడులేశాం. తాతయ్య చుట్ట నిప్పుకు పడిన చిల్లు దొరికితే, అమ్మ ఆ సంగతి చెబుతూ నవ్వి, ఆ నవ్వులోనే భోరుమంది. కబురొచ్చాక అమ్మ ఏడవడం అదే మొదలు.

ఎవరిదైనా ఏదైనా పాడైతే, బాగైపోతుందిలే అని నేనిప్పటికీ అనను. పోయిందనే చెప్పి, పక్కన కూచుంటాను.

గింజలు కట్టిన చోట లేతచుక్కలు నిలిచి, అమ్మ ఆఖరిదాకా కప్పుకున్న ఆ నీలం దోతి ఇప్పుడు నా దిండు కింద ఉంది. ఉతకలేదు.